చెరువును చదువు విద్య

పురావస్తుశాస్త్రమున త్రవ్వకమునకు దక్కిన కీర్తి నడకకు దక్కలేదు. మధ్యయుగపు పల్లెను దాని పొలముతో, దారితో, నీటితో కలిపి తెలిసికొన గోరువానికి పలుగు పారలకంటె ముందు కాళ్లే సాధనములు. రాజ్యములు మారినను అదే కట్ట క్రింద అదే మడి దున్నబడుచు వచ్చిన మన సీమలలో, ఈ చదువునకు చెరువును మించిన గ్రంథము లేదని నా అభిప్రాయము.

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువునే తీసికొందము. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు నిర్మింపించిన ఈ అనంతరాజసాగరమునకు 1369 నాటి సంస్కృత శాసన మొకటి కలదు. శాసనకర్త దాతను పొగడి ఊరకుండక, తటాకమునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను లెక్కించి చెప్పినాడు: గట్టి బంకనేల, తీయని నీటి ఏరు, చేరువలో నిడుపాటి రాయి దొరకు గని, పని తెలిసిన జనము ఉండవలెను; కట్ట ఊట కారరాదు, నేల చవుడు కారాదు, నడుమ మెరక ఉండరాదు, రెండు రాజ్యముల సరిహద్దున చెరువు పడరాదు. ఈ కడపటి దోషమును పట్టినవాడు వట్టి శాస్త్రజ్ఞుడు కాడు, లోకము నెరిగినవాడు! నిత్యము వేయిమంది కూలీలును, నూరు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు కూడ అందే యున్నది.

అయితే శాసనము పుట్టిననాటి మాట. పిమ్మటి శతాబ్దముల కథను నేలయే చెప్పవలెను. ఆ కాలపు తూమును దగ్గరనుండి చూచినచో, నిలువునా నాటిన రెండు రాతి కంబములును, వానికి అడ్డముగా రంధ్రములు దొలిచిన పలకలును కానవచ్చును. ఆ రంధ్రములగుండ సాగు కొయ్యను పైకి లాగగా అడుగు బిరడా ఊడి నీరు కాలువకు పారెడిది. పూడిక పెరిగి పాత తూము మూసికొనిపోగా, కట్ట నెత్తుచేసి పై మట్టమున వేరొక దాని నమర్చిన చోట్లును గలవు. నునుపైన పాత చెక్కడము ప్రక్కనే మొరటు రాయి కనబడెనా, అది మరమ్మతు జాడ. చేసినవారి పేరు ఏ శాసనమునను ఉండకపోవచ్చును.

ఇక ఆయకట్టులో వరుసదీరి నడచువారికి దుక్కిచాళ్లలో చితికిన కుండపెంకులు అగపడును. దట్టముగా నున్నచో అక్కడ ఇండ్లుండెననియు, పలుచగా పరచుకొన్నచో పెంటదిబ్బ ఎరువుతోపాటు పొలము చేరినవనియు ఊహింపవచ్చును. కార్లా సినోపోలీ, కాథ్లీన్ మారిసన్ అను పండితురాండ్రు 1980ల చివరినుండి హంపీ పరిసరములందు ఇట్లే నడచి, ఆలయములతోపాటు చెరువులను, దారులను, గోడలను నమోదు చేసిరి. మారిసన్ అచ్చటి కమలాపురపు చెరువు పూడికలోని పుప్పొడి రేణువులను పరీక్షించి, పరిసరపు వృక్షజాలమున కలిగిన మార్పులను గూడ వెదకెను.

ఆ పూడికయే నేడు రైతునకు కావలసిన ఎరువు. 2015లో తెలంగాణమున ఆరంభమైన మిషన్ కాకతీయ అను చెరువుల పునరుద్ధరణ పథకము వంటి పనులు చెరువులకు ప్రాణావసరములే. అయితే పూడిక తీయు యంత్రము దిగుటకు ముందు రెండుమూడు చోట్ల గొట్టము దింపి పొరలు చెడకుండ మట్టిని తీసి ఇట్టి పరీక్షలకై భద్రపరచినచో, రైతు పొలమునకు చేరవలసిన బండ్లలో ఒక్కటియు తగ్గదు.