నడుస్తున్న ప్రోగ్రామును నడుస్తుండగానే తరలించే విద్య

కమాండ్‌లైన్ మీద బతికేవాళ్ల పనితనాల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఒకటుంది. ఒక టెర్మినల్‌లో నడుస్తున్న ప్రోగ్రామును, దాని నడక చెడకుండా ఇంకో టెర్మినల్‌కి మార్చడం. లినక్స్‌లో ఈ పనికి రెప్టీర్‌ని మించింది లేదు. 2011లో నెల్సన్ ఎల్హేజ్ రాసిన చిన్న సి ప్రోగ్రాం అది.

పూర్వం మోడెమ్‌ల రోజుల్లో ఫోన్ లైను తెగితే ఆ లైను మీది ప్రోగ్రాములకు హ్యాంగప్ సిగ్నల్ అంది, అవీ పోయేవి. దాన్ని కాచుకోడానికి నోహప్ ఉంది. 1987లో బెర్లిన్‌లో ఒలివర్ లౌమన్, కార్స్టెన్ బోర్మన్ స్క్రీన్ రాశారు. 2007లో నికోలస్ మారియట్ టీమక్స్ తెచ్చాడు. నేను టీమక్స్ పక్షమే. కానీ లైను తెగినా ప్రోగ్రామును బతికించే ఇవన్నీ ముందుచూపు ఉన్నవాళ్లకి. సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లి, టీమక్స్ తెరవడం మరిచి, రాత్రంతా సాగే పని మొదలుపెట్టేసినవాళ్ల గతేమిటి?

కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే ప్రోగ్రాం ఆగుతుంది. బీజీ కొడితే వెనకాల మళ్లీ నడుస్తుంది. డిస్‌ఓన్ కొడితే షెల్ దాన్ని తన జాబితాలోంచి తీసేస్తుంది. ఇక కొత్త లాగిన్‌లో టీమక్స్ తెరిచి, రెప్టీర్ అని రాసి పక్కన ప్రాసెస్ నంబరు ఇవ్వడమే.

లోపల జరిగేది చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఒక ప్రాసెస్ ఇంకో ప్రాసెస్‌ని అదుపులోకి తీసుకునే పీట్రేస్‌తో ప్రోగ్రామును పట్టుకుని, దాని చేతనే కొత్త టెర్మినల్ తెరిపించి, పాత ఇన్‌పుట్, అవుట్‌పుట్ స్థానాల్లో దాన్ని పెట్టడం వరకు చాలామందికి తెలిసిన సంగతే. అసలు చిక్కు ప్రోగ్రాముకి కీబోర్డు సిగ్నళ్లు పంపే కంట్రోలింగ్ టెర్మినల్ దగ్గరుంది. అది మారాలంటే ప్రోగ్రాం కొత్త సెషన్ మొదలుపెట్టాలి. ప్రాసెస్ గ్రూపుకి నాయకుడైనవాడికి కెర్నల్ ఆ అనుమతి ఇవ్వదు. షెల్ నుంచి మొదలైన ప్రోగ్రాం మామూలుగా తన గ్రూపుకి తానే నాయకుడు. ఎల్హేజ్ ఏం చేశాడంటే, ఆ ప్రోగ్రాం చేతనే ఒక పిల్ల ప్రాసెస్‌ని పుట్టించాడు. పిల్లని కొత్త గ్రూపుకి నాయకుణ్ణి చేసి, తల్లిని ఆ గ్రూపులోకి తోశాడు. తల్లి ఇప్పుడు నాయకురాలు కాదు, కొత్త సెషన్‌కి అడ్డు లేదు. కొత్త టెర్మినల్ దక్కింది, పిల్ల పని అయిపోయింది. చివర్లో విండో మారిందన్న సిగ్నల్ పంపితే విమ్ లాంటి ఎడిటర్ తెరనంతా మళ్లీ గీసుకుంటుంది. వేరు కదలకుండా మొక్కను తీసి నాటినట్టే!

పిల్ల ప్రాసెస్‌లు ఉన్న ప్రోగ్రాములను ఈ దారిన మార్చలేం. దానికీ ఉపాయం ఉంది. పెద్ద టీ ఆప్షన్ ఇస్తే రెప్టీర్ ఆ ప్రోగ్రాం జోలికే పోదు. టెర్మినల్ రెండో కొసను పట్టుకున్న ఎమ్యులేటర్ దగ్గరికి వెళ్లి ఆ కొసనే లాక్కుంటుంది. అక్కడున్నది ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ అయితే రూట్ అధికారం కావాలి.

ఇంత నిండైన పని కళ్లెదుట ఉండగా, జీడీబీ డీబగ్గర్‌తో రెండు లైన్లు కొట్టి అవుట్‌పుట్ మళ్లించి తరలించామని చెప్పుకోవడం చూస్తే కడుపు మండుతుంది. అలా మళ్లిస్తే కంట్రోలింగ్ టెర్మినల్ మారదు కాబట్టి కంట్రోల్, సి కొత్త టెర్మినల్‌లో పనిచేయదు. విండో సైజు మారిన కబురు ప్రోగ్రాముకి అందదు. అది సగం తరలింపు, సగం మోసం. ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. ఉబుంటు 10.10 నుంచి ఒక ప్రాసెస్ తన సంతానం కాని ప్రాసెస్‌లను పీట్రేస్‌తో పట్టుకోకుండా మామూలు యూజర్లకు అడ్డు ఉంది. రెప్టీర్ పనిచేయాలని కొందరు ఆ అడ్డును సెట్టింగ్స్ ఫైల్లో శాశ్వతంగా సున్నా చేసేసి, ఎందుకు చేశారో కూడా మరిచిపోతారు. సూడోతో రెప్టీర్ నడిపితే ఆ అవసరమే ఉండదు కదా!

సర్వర్లు చూసుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డెబియన్‌లో, ఉబుంటులో రెప్టీర్ ప్యాకేజీ సిద్ధంగా ఉంది. ముందు ఒక విమ్‌ని ఇటు నుంచి అటు మార్చి చూడండి. ఆ తర్వాత దాని సోర్సు కోడ్ చదవండి. చదివాక, సగంలో ఉన్న పనిని చంపి మళ్లీ మొదలుపెట్టే అలవాటు ఈ రోజుతో మానేయండి.