ద్రాక్షకొండలలోఁ ద్రిచక్రయాత్ర

యాత్రాగ్రంథములను విమర్శించువారు గ్రంథకర్త యేయే స్థలములను జూచెను, చూచినదానిని యథార్థముగా వ్రాసెనా లేదా యని సామాన్యముగా విచారింతురు. ఏ వాహనముపై నుండి చూచెననుట నంతగాఁ బట్టించుకొనరు. వాహనము మాఱినచో వాక్యము మాఱును. ఎలిజబెత్ రాబిన్స్ పెన్నెల్ రచింపఁగా నామె భర్త జోసెఫ్ పెన్నెల్ చిత్రములతో నలంకరించిన "టూ పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్" అను గ్రంథ మిందుకు మంచి సాక్ష్యము. ఇది 1886వ సంవత్సరమునఁ బ్రకటితమైనది.

ఈ దంపతులు అమెరికాయందలి ఫిలడెల్ఫియా నగరమువారు. 1884వ సంవత్సరమున వివాహమాడి, ఆ యేఁటి శరత్కాలముననే ఇరువురును గలిసి త్రొక్కెడు ట్రైసికిలుపై ఫ్లారెన్సునుండి రోమునకుఁ బయనమైరి. నాఁటి బైసికిలు ముందుచక్రము నిలువెత్తుది. పాదములవఱకు వ్రేలాడు పావడ ధరించిన స్త్రీ దాని నెక్కుట దుర్ఘటము. రెండు చక్రములును సమముగా నుండు రోవరు బైసికిలు 1885లోను, డన్‌లప్ గాలిటైరు 1888లోను వెలువడినవి. కావున వీరి బండి చక్రములకు గట్టి రబ్బరుపట్టీలే కలవు. కంకరబాటపై నట్టి బండి కుదుపుల నూహించుకొన్నఁగాని యీ గ్రంథమునందలి కొన్ని విసుగులును, కొన్ని యానందములును బోధపడవు.

గ్రంథనామము బన్యను రచనకుఁ బరిహాసానుకరణము. బన్యను యాత్రికుఁడు పాపభారమును వీఁపునఁ దాల్చి దివ్యనగరమునకుఁ బోవును. ఈ యాత్రికులకు బండియే భారము, రోమే దివ్యనగరము. ప్రకరణముల పేళ్లలోను నీ ధోరణి కానవచ్చును. సియెనాకు దక్షిణమునఁ జెట్టుచేమలు లేని బంకమన్ను గుట్టలను దాఁటి మోంతెపుల్చానొ చేరుటను అరణ్యమునుండి యుద్యానమునకుఁ బోవుటగా రచయిత్రి పేర్కొనెను. ఈ పరిహాసము కొన్నియెడల మితిమీఱినది. ఒక్క ఛలోక్తిచే నంత దూరము బండి లాగించుట కష్టము.

గ్రంథమునకుఁ బ్రాణము వేఱొకచోట నున్నది. ఫ్లారెన్సు సముద్రమట్టమునకు సుమారు 50 మీటర్ల యెత్తున నున్నది. సియెనా 320 మీటర్లు. మోంతెపుల్చానొ 600 మీటర్లు. ఆ ప్రాంతమునఁ బ్రాఁతయూళ్లు పెక్కులు శత్రుభయముచేతను, పల్లపునేలల మలేరియాచేతను గొండకొమ్ములపైఁ గట్టఁబడినవి. ఇనుపదారి వచ్చిన పిదప స్టేషను లోయయందును, ఊరు కొండమీఁదను నిలిచిపోయినవి. రైలుబండిలోఁ బోవువానికి ఊరు కిటికీలోని యొక పటము. ట్రైసికిలును ద్రోయుచు నెక్కువానికో, ఊరు మొదట నొక గోపురముగాఁ గనఁబడి, ఒక మలుపున మాయమై, మఱియొక మలుపున నింకను దూరముననే కానవచ్చును. ఈ యారోహణమున రచయిత్రి వాక్యములు కుఱుచవై, చూచినదానినే చెప్పును. చదునునేలపై బండి సుఖముగా దొరలునప్పుడు మాత్ర మామెకుఁ జదివిన పుస్తకములు జ్ఞప్తికి వచ్చును. ఆ పుట లంతగా మనసున నిలువవు.

తెనుఁగువారికి యాత్రాగ్రంథ మనఁగానే యేనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర స్ఫురించును. 1830వ సంవత్సరము మే నెలలోఁ జెన్నపట్టణమునుండి బయలుదేఱి 1831 సెప్టెంబరులోఁ దిరిగివచ్చిన వీరు పల్లకిలోఁ బ్రయాణించినను, వీరి దృష్టి పల్లకితెరలలోఁ జిక్కుకొనలేదు. మజిలీకి మజిలీకి నడుమ దూర మెంత, బాట యిసుకయా ఱాయా, నీరు మంచిదా, దుకాణములు గలవా యను సంగతులను శ్రద్ధతో వ్రాసిరి. మోయు బోయీలును, వెంట నడచు పరివారమును పెక్కుమంది యుండుటచే వారి తిండియు నీరును యజమానుని లెక్కలోనివే యయ్యెను. పెన్నెల్ దంపతులు తమ బరువును దామే లాగికొనిరి. బాటను గూర్చిన వారి జ్ఞానము కాళ్లతో నేర్చినది. ఒరుల యాఁకలిని లెక్కింపవలసిన పని మాత్రము వారికిఁ గలుగలేదు.

ఈ లోపము ద్రాక్షతోఁటల వర్ణనమున స్పష్టమగును. శరత్తు టస్కనీయందు ద్రాక్షకోఁతల కాలము. నాఁ డచటఁ దీఁగలను బందిళ్లపైఁ గాక సజీవవృక్షములపైఁ బ్రాఁకించుట వాడుక. వరుసగా నాటిన చెట్లపైకి నెక్కిన తీఁగ లొక చెట్టునుండి వేఱొక చెట్టునకుఁ దోరణములవలె వ్రేలాడుచుండెడివి. ఇటాలియనులు దీనిని వివాహిత యగు ద్రాక్షయందురు. మాధవీలత సహకారమును బెనవైచుకొనుటను గావ్యములఁ జదివిన తెనుఁగుపాఠకున కీ మాట క్రొత్తది గాదు. ఇట్టి సీమకుఁ గవితాసంస్కారమును జిరకాలముగాఁ గలదు. ఫ్రాంచెస్కొ రెది యను వైద్యకవి 1685లోఁ బ్రకటించిన యొక కావ్యమున మోంతెపుల్చానొ ద్రాక్షాసవమునకే రాజపదవి నొసఁగెను. క్యాంతి సీమకుఁ గోసిమొ ప్రభువు 1716లో నెల్లలు నిర్ణయించెను. పెన్నెల్ దంపతులు పొగ్గిబోన్సి మీఁదుగా సియెనాకుఁ బోయిన బాట యా సీమకుఁ బడమటి యంచున నున్నది.

ఆ తోఁటలను దున్నినవా రెవరు? అచటి భూములలో నధికభాగము సంగోరు సేద్యమున నుండెడివి. మెద్జద్రియా యనునది దాని పేరు. ఇల్లును నేలయు భూస్వామివి, చాకిరి కాఁపు కుటుంబమునది, పంట చెఱిసగము. తొట్టిలోఁ బడిన ద్రాక్షగుత్తులలో సగము త్రొక్కినవానిది కాదు. ఈ లెక్క పెన్నెల్ గ్రంథమునకు విషయము కాలేదు. కాఁపువాఁ డామెకు మొదట నొక చిత్రము, పిదప నొక మనుష్యుఁడు. విదేశీయురాలు కొలఁది దినములలో నీ వ్యవస్థను గ్రహింపవలెనని కోరుట యన్యాయమని కొందఱనవచ్చును. ఒక విధముగా నిజమే. కాని పూటకూళ్లయింటి పద్దును గూర్చి యంత నిశితముగా వ్రాయఁగలిగిన లేఖిని, పంటపద్దును గూర్చి యొక ప్రశ్నయైన నడుగఁగూడదా?

అయినను గ్రంథమున మెచ్చఁదగిన గుణ మొకటి కలదు. చూడవచ్చినవారే వింతయగుట రచయిత్రి దాఁచలేదు. బండి యాఁగిన ప్రతి యూరను జనులు గుమిగూడి దానిని దడవి చూతురు. భార్యాభర్త లిరువురును బండివాఁడు లేకయే బండి నడపుట వారికి నవ్వును జాలియుఁ బుట్టించును. కోఁతకాండ్రను జిత్రింపఁ గూర్చున్న భర్తనే జనులు చిత్రముగాఁ జూచిరి. ఆమె యతనిని గ్రంథమంతటను "జె" యను నక్షరముతోనే పేర్కొనును. ఆ యక్షరము వెనుకనుండి తొంగిచూచు చిన్న దాంపత్యకలహములు బహురమ్యములు.

మోంతె ఒలివేతొ మఠప్రకరణము గ్రంథమున కెల్లఁ దలమానికము. 1313లో బెర్నార్డొ తొలొమెయి స్థాపించిన యీ మఠమున సిఞ్ఞొరెల్లియు సొదోమయు లిఖించిన బెనెడిక్టుముని చరిత్రచిత్రములు కలవు. 1866నాఁటి శాసనముచే నిటలీ ప్రభుత్వము మఠములను రద్దుచేసి యాస్తులను గైకొనఁగా, కొలఁదిమంది సన్న్యాసులు మాత్రమే కాపరులుగా మిగిలిరి. అంత పెద్దమఠమున నంత కొలఁదిమంది! ఆ సంధ్యాకాలమున నతిథులైన వీరికి లభించిన యాదరము వర్ణించునపుడు పరిహాసధోరణి తనంతఁ దానే సడలినది. యాత్రయను మాట గ్రంథమున నిజమైన చోటిది.

ఆమె 1898లోఁ బ్రకటించిన "ఓవర్ ది ఆల్ప్స్ ఆన్ ఎ బైసికిల్" దీనికి సాటిరాదు. అప్పటికి మంచి బైసికిలు వచ్చినది, అభ్యాసమును బలిసినది. కాని దాఁటిన కనుమల లెక్కకుఁ గల ప్రాధాన్యము కనుమలకు లేదు. ఎక్కుట యచట ఘనకార్యము. ఇచట నెక్కుట చూచుటకు మార్గము.

కాలమీ యిటలీ గ్రంథమున కొక విచిత్రమైన విలువ నొసఁగినది. 1964నాఁటి శాసనము క్రొత్త సంగోరు కౌళ్లను నిషేధించెను. 1982నాఁటిది మిగిలినవానిని గౌలుగా మార్ప వీలు కల్పించెను. కాఁపులు పట్టణములకుఁ దరలిపోఁగా నా యిండ్లు పెక్కులు యాత్రికులకు విడుదులైనవి. వృక్షములపైఁ బ్రాఁకిన తీఁగలు చాలవఱకుఁ దొలఁగింపఁబడి, గుంజలకుఁ దీఁగెలు కట్టిన వరుసలు వానిచోట వెలసినవి. పెన్నెల్ కేవల మలంకారముగా వ్రాసిన పుటలు నేఁడు సాక్ష్యపత్రములు. ఆమె యంతగా విసిగికొనిన కంకరబాటలకును దశ తిరిగినది. వాని తెల్లదుమ్ముపైఁ దారు పోయకుండఁ గాపాడు తలంపుతో క్యాంతి సీమయందలి గయోలె గ్రామమున 1997లో 92 మంది పాఁతకాలపు బైసికిళ్లపై నొక యాత్ర సాగించిరి. ఎరోయికా యను పేర నది నేఁటికిని నడచుచున్నది. అందుఁ బాల్గొనువారు నిట్టనిలువు కొండలకడ దిగి బండ్లను ద్రోయుచునే యెక్కుదురు.