తెలుగు వచనమున నిత్యప్రయాణము

యాత్రాచరిత్ర యనగానే మన పరిశోధకులు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రతో ప్రారంభింతురు. అది సముచితమే. 1830-31 సంవత్సరములలో ఆయన చెన్నపట్టణమునుండి కాశికి పోయి మరలి వచ్చిన వృత్తాంతము 1838లో ముద్రితమైనది. అయితే ఆ గ్రంథమునే కొలబద్దగా గైకొనుటచే ఒక చిక్కు వచ్చినది. దూరదేశగమనమే యాత్ర యనియు, చూచిన క్షేత్రముల వర్ణనమే దాని వస్తువనియు అభిప్రాయము స్థిరపడినది. ఉదయమున బస్సెక్కి సాయంకాలమునకు ఇల్లు చేరు జనుల ప్రయాణమునకు ఈ నిర్వచనమున తావు లేదు.

ఈ రెండు ప్రయాణములకు భేదము దూరమున లేదు, పొరుగువానియందున్నది. వీరాస్వామయ్య పల్లకిలో, స్వీయపరివారముతో పోయెను. వెంట నెవరుండవలెనన్నది ఆయన యిష్టము. రైలు వచ్చిన పిదప ఈ స్వాతంత్ర్యము పోయినది. టిక్కెట్టు కొన్నవానికి తన చోటుపై హక్కు కలదు గాని, ప్రక్కన నెవరు కూర్చుండవలెనో నిర్ణయించు హక్కు లేదు. తరగతుల విభాగము ఈ యిబ్బందిని కొంత కప్పిపుచ్చినది. మూడవ తరగతి 1974 వరకు నిలిచినది.

పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' ఈ దృష్టితో మరల చదువదగిన కథ. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి నందిన యీ కథను గూర్చిన చర్చ సాధారణముగా తుపాను చుట్టును, ముగింపు చుట్టును తిరుగును. రైలుపెట్టెలోని పూర్వభాగమును ఉపోద్ఘాతమాత్రముగా విడుచుట న్యాయము కాదు. రావుగారు నియమములకు కట్టుబడినవారు. ఇంటిలో ఆ నియమములకు ఎదురు లేదు. బిచ్చగత్తె పెట్టెలో ప్రవేశించినపుడు ఆయన లేచి పోలేరు, ఆమెను మాన్పింపనూ లేరు. చూడనట్లుండుట యొక్కటే మార్గము. నిత్యము బస్సులో పోవువారందఱకు ఈ చూడనట్లుండుట తెలిసిన విద్యయే. తుపాను చేసినదెల్ల ఆ విద్యను నిరర్థక మొనర్చుటయే. పెట్టెను ముందుగా చూపి యుండనిచో, ఆ రాత్రి వారిరువురి సామీప్యము కేవలము యాదృచ్ఛికమని తోచియుండెడిది. కథాబలమునకు మూలము గాలియందు గాక పెట్టెయందే యున్నదని నా నిశ్చయము.

బస్సు విషయమున విమర్శ మఱింత ఉదాసీనముగా నున్నది. నిజాం రాష్ట్రమున 1932లో 27 బస్సులతో ఆరంభమైన రవాణాశాఖ పరంపరలోనే 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడినది. అది భాషకు చేసిన చేర్పు స్వల్పము కాదు. 'ఎఱ్ఱబస్సెక్కి వచ్చినవాడు' అను ఎత్తిపొడుపున నగరము పల్లెటూరివానిని అతడు దిగిన బండినిబట్టి గుర్తించినది. కిటికీలోనుండి రుమాలు వేసి చోటు పట్టుకొనుట మఱొకటి. రుమాలునకు హక్కు కలదా? ముందుగా లోపలికి వచ్చినవానిదా చోటు? తగవు వచ్చిన తీర్పరులు నిలుచున్నవారే. చిల్లర లేని కండక్టరు బాకీని టిక్కెట్టు వెనుక వ్రాసి యిచ్చును. దిగువఱకు ప్రయాణికుని దృష్టి బయటి పొలములపై నుండదు, ఆ కాగితపు ముక్కపైననే యుండును. క్షేత్రవర్ణనము వెదకు విమర్శకునకు ఇది దొరకకుండుట వింత కాదు.

ఇపుడీ హక్కుల లెక్కయే మాఱినది. తెలంగాణమున 2023 డిసెంబరునుండి, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టునుండి స్త్రీలకు ఉచితప్రయాణము కలిగినది. డబ్బిచ్చినవాడు నిలుచుండగా జీరో టిక్కెట్టువారు కూర్చుండవచ్చునా యను సణుగుడు బస్సులలో వినవచ్చుచున్నది. దానికి స్త్రీలిచ్చు ప్రత్యుత్తరములలో నుండు చమత్కారము, వాదపటిమ నేటి నాటకములలో అరుదు. పత్రికలు దీనిని సీట్ల తగవుగా వ్రాసి విడిచినవి. చోటునకు హక్కు సొమ్మువలన వచ్చునా, అవసరమువలన వచ్చునా యని జనులు తమ మాండలికములలో తర్కించుచుండగా మన శాఖలు వినకుండుట తగదు. డిపోలవారీగా ఈ సంభాషణములను సేకరించుట పరిశోధక విద్యార్థులకు అసాధ్యము కాదు. నెలపాసు చాలును.