పిల్లనిచ్చిన కొండ

దిగువ అహోబిలం మండపంలో ఒక స్తంభం మీద నరసింహుడు హిరణ్యకశిపుడి పొట్ట చీలుస్తుంటాడు. ఇంకో స్తంభం మీద అదే సింహపు మొహంతో తను మనసు పడ్డ చెంచు పిల్ల చెంచులక్ష్మిని బతిమాలుకుంటుంటాడు. వచ్చినోళ్లు మొదటిదానికి దండం పెట్టి పోతారు. నాకు రెండోదాని దగ్గరే కాళ్లు ఆగుతాయి. ఉగ్రం చెక్కడం ఒక ఎత్తు, కోరలున్న నోట బతిమాలాట పలికించడం ఒక ఎత్తు.

ఆ శిల్పికి చెంచుగూడెం సంగతులు తెలిసే ఉండాలి. 1909లో థర్‌స్టన్ అచ్చు వేయించిన కులాలు, తెగల పుస్తకంలో చెంచుల పెళ్లి ముచ్చట ఉంది. మనసు కలిసిన ఇద్దరూ ఒక రాత్రి గూడెం దాటి పోతారు. తెల్లారి తిరిగొస్తే పెద్దోళ్లు చుట్టాలను పిలిచి కొత్త బట్టలు పెడతారు. పెళ్లయినట్టే. అమ్మాయి ఒప్పుకోకుంటే దేవుడైనా ఒంటరిగా తిరిగి రావాల్సిందే!

అహోబిల మఠం ఏడో జీయరు సంస్కృత నాటకం 'వాసంతికా పరిణయం'లో ఈ చెంచు పిల్ల వాసంతిక అయింది. 1943లో, మళ్లీ 1958లో అక్కినేని, అంజలీదేవిలతో సినిమా తెరకూ ఎక్కింది. దక్షిణాఫ్రికాలో జులూ అమ్మాయిలు మనసులో మాటను రంగురంగుల పూసల్లో స్వయంగా అల్లి పంపుతారు. మన చెంచు పిల్ల వలపును రాసిందీ, తెరకెక్కించిందీ గూడెం బయటివాళ్లే.

ఈ కథలో చెంచుల చెయ్యి పడేది స్వామి వేటకు బయల్దేరే పార్వేట ఉత్సవంలో. కనుమ నాడు పల్లకి కదిలే ముందు వాళ్లు విల్లు ఎక్కుపెడతారు, గురి స్వామి పల్లకి వైపే. మా పిల్లను చేసుకుంటావా, జాగ్రత్త అన్నట్టుంటుంది నాకైతే. ఆపైన జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో ఆళ్లగడ్డ, రుద్రవరం వైపు ముప్పైకి పైగా ఊళ్లు నెలకు పైగా తిరుగుతారు. తన పెళ్లికి తానే పిలుపులు! పల్లకి వచ్చే ఊళ్లో ఇళ్లకు సున్నాలు పడతాయి, ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, కొత్త బట్టలు కడతారు. దేవుణ్ని అల్లుడిగా చూసుకోవడం కడపలో ఇంకో తీరు. వెంకన్న భార్య బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచని ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప గుడికి వస్తారు, వెంకన్నను అల్లుడి లెక్కన చూసుకుంటారు.

ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, అందులోనే కల్యాణం. మగపెళ్లివారి పిలుపులకే నెల దాటుతుంది. ఆడపెళ్లివారికి మాత్రం ఆ ఒక్క బాణమే. వాళ్ల గూడెంలో ఆ పెళ్లి కథ ఎలా చెప్పుకుంటారో అడిగి రాసుకోవాల్సిన పని మనకింకా మిగిలే ఉంది.