లోడు మోసిన బండికి లెక్క లేదా?

2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ పాత వాహనాల కోసం మోటారు వాహనాల నిబంధనల్ని సవరించింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగిన నాటి నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండిని వింటేజ్ వాహనంగా గుర్తిస్తారు. కొత్తగా నమోదు చేయించుకోవడానికి 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000 రూపాయలు కట్టాలి. నంబరు ప్లేటు మీద 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. నిబంధన మంచిదే. అయితే అది సొంతానికి వాడుకునే ద్విచక్ర వాహనాలకూ, మనుషులు ఎక్కి తిరిగే ఎం1 తరగతి కార్లకూ జీపులకూ మాత్రమే వర్తిస్తుంది. వెనక తొట్టి ఉండి సరుకు మోసే బండికి అందులో చోటు లేదు. దొరగారు ఎక్కి తిరిగిన కారు వారసత్వ సంపద అవుతుంది. రైతు పంట మోసిన పికప్ యాభై ఏళ్లు నిలిచినా పాత ఇనుము కిందే లెక్క. వ్యవసాయ మార్కెట్ చుట్టూ పెరిగిన వరంగల్ లాంటి ఊరి నుంచి చూస్తే ఈ లెక్క తప్పు.

ఇక్కడి ఎనుమాముల మార్కెట్‌కు సీజన్‌లో మిర్చి, పత్తి వచ్చే తీరు చూసినవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు. ఒకప్పుడు చిన్న రైతుకు ఎడ్ల బండి ఉండేది, లేదంటే ఊళ్లో ఎవరిదో ట్రాక్టరు, అదీ కాకపోతే నలుగురు కలిసి మాట్లాడుకునే లారీ. లారీ నిండేదాకా ఆగాలి, అది బయల్దేరిన రోజు ఉన్న ధరకే అమ్ముకోవాలి. 1980ల్లో వచ్చిన తేలికపాటి సరుకు బండ్లు ఈ పరిస్థితిని మార్చాయి. 1986లో టాటా 407 వచ్చింది. జహీరాబాద్‌లో మన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్ సహకారంతో చిన్న ట్రక్కులు చేసింది. 1988లో టాటామొబైల్ పికప్ వచ్చింది, దాని వంశంలోదే తర్వాతి 207. 1947లో విల్లీస్ జీపుల కూర్పుతో మొదలైన మహీంద్రా కూడా జీపు ముఖం అలాగే ఉంచి వెనక తొట్టి బిగించిన పికప్‌లు అమ్మింది. పదీ ఇరవై బస్తాలున్న రైతు తనకు తోచిన రోజున తన సరుకుతో కాంటా దగ్గరికి రాగలిగాడంటే ఈ బండ్ల చలవే. ఇక్కడ చట్టంలోని వింత ఒకటి చెప్పాలి. టాటామొబైల్ పునాది మీదే 1991లో సియెరా, 1994లో సుమో తయారయ్యాయి. 2041 దాటాక తొలినాటి సియెరాకు వింటేజ్ హోదా దొరుకుతుంది. దానికి తల్లి లాంటి పికప్‌కు మాత్రం ఎప్పటికీ దొరకదు. ముందు భాగం, చాసిస్ దాదాపు ఒకే తీరు. వెనక సీటు ఉందా, తొట్టి ఉందా అన్న దాని మీద ఏది చరిత్రో తేలిపోతోంది.

కాబట్టి ఈ బండ్లను నిలబెట్టే పని ఇప్పటికి అభిరుచి ఉన్నవాళ్ల మీదే పడింది. ఆ పని ఎలా చేయాలన్న దానిపై నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పాత పికప్‌ను బాగుచేయడమంటే లోడు ఎత్తగల స్థితికి తేవడం. ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్న రెండు పద్ధతులూ నాకు సమ్మతం కావు. ఒకటి, బండిని ఎత్తు పెంచి, వెడల్పు టైర్లు వేసి, పైన లైట్ల వరుస బిగించడం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దీన్ని ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన కొలతలు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. చట్టం సంగతి అటుంచినా, అలా మార్చాక మిగిలేది వేరే బండి. రెండోది, అద్దంలా మెరిసే రంగు వేయించి కవరు కప్పి ఉంచడం. పాపం, వాళ్లకు బండి మీద ప్రేమ ఉంది, కాదనను. కానీ తొట్టిలో గీత పడుతుందని బస్తా వేయడానికి భయపడితే ఆ బండి దేని కోసం పుట్టిందో మరిచిపోయినట్టే. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2013లో ఖరారు చేసిన ట్యూరిన్ చార్టర్ కూడా వీలైనంత తక్కువ మార్పుతో కాపాడాలని చెబుతుంది. బండిని రోడ్డు మీద నడుపుతూ ఉంటేనే దాన్ని నడిపే, బాగుచేసే విద్య తర్వాతి తరానికి చేరుతుందనీ అంటుంది. నేను పట్టుకున్నది ఆ రెండో మాటనే.

పని చేసిన బండిని చదవడం తెలియాలి. వరంగల్ చుట్టుపక్కల తిరిగిన పికప్‌లో తుప్పు ఎక్కడ పడుతుందో దాని తొట్టే చెబుతుంది. యూరియా, డీఏపీ బస్తాలు మోసినప్పుడు రాలిన పొడి మూలల్లో చేరుతుంది, గాలిలోని తేమ పీల్చుకుంటుంది, ఇనుమును తినేస్తుంది. తొట్టి అడుగు పాడైందని ఎవరో మీద ఇంకో రేకు వేయించి ఉంటారు. ఆ రెండు రేకుల మధ్య వాన నీళ్లు నిలిచి కింది అడ్డ ఛానళ్ల దాకా తుప్పు దిగుతుంది. డాలా మడత బందుల దగ్గర, తలుపుల అడుగున నీళ్లు కారిపోయే రంధ్రాలు మట్టితో పూడుకున్న చోట, క్యాబిన్‌లో కాళ్ల కింద మ్యాటు ఎత్తితే కనిపించే చోట కూడా ఇదే కథ. అలాంటి చోట్ల లప్పం పూసి రంగు కొట్టించడం తనను తాను మోసం చేసుకోవడమే. గట్టి ఇనుము తగిలేదాకా కోసి, అదే మందం రేకు వెల్డింగ్ చేయించి, రెడాక్సైడ్ పట్టించి, ఆ తర్వాతే రంగు మాట ఎత్తాలి. కమాన్ కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు, ఇంకో పాఠం. ఎక్కువ లోడు కోసం చాలా బండ్లకు అదనంగా ఒక పట్టీ, కొన్నిటికి రెండు వేయించి ఉంటారు. ఖాళీగా ఉన్నప్పుడు బండి వెనక భాగం ఎత్తుగా నిలబడి, గుంతలో పడితే ఎగిరి పడేది అందుకే. ఆ పట్టీ కూడా బండి చరిత్రలో భాగమే కదా, ఉంచేద్దాం అనేవాళ్లున్నారు. నేను తీసేయమంటాను. కంపెనీ బ్రేకులు, ఇరుసు, చాసిస్ అన్నీ ఒక బరువుకు లెక్క కట్టి చేసింది. పట్టీ పెరిగితే బరువు మోసే ఆశ పెరుగుతుంది గానీ బండిని ఆపే శక్తి పెరగదు. తీసిన పట్టీని షెడ్డులో భద్రంగా దాచుకోవచ్చు.

ఇంతకంటే పెద్ద కారణం ఇంజిన్ దగ్గర ఉంది. ఆ కాలపు డీజిల్ బండిలో ప్రతి పనీ కంటికి కనిపిస్తుంది, చేతికి తెలుస్తుంది. డీజిల్ ఫిల్టరు మార్చారనుకోండి, లైన్లో గాలి చేరుతుంది, ఇంజిన్ అందుకోదు. అప్పుడు ఫిల్టరు మీది స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు మీది చేతి మీట కొడుతూ ఉండాలి. మొదట నురగ వస్తుంది, తర్వాత తుంపర్లుగా చిమ్ముతుంది, చివరికి బుడగ లేని డీజిల్ ధార కడుతుంది. ధార కట్టగానే స్క్రూ బిగించి, ఇంజెక్షన్ పంపు దగ్గర అదే పని, అవసరమైతే ఇంజెక్టర్ల నట్ల దగ్గర ఇంకోసారి. ఈ ఎయిర్ తీసే పని నేర్చుకున్న కుర్రాడికి ట్యాంకు నుంచి సిలిండర్ దాకా డీజిల్ వెళ్లే దారి మొత్తం అర్థమైపోతుంది. ఇవాళ్టి కామన్ రైల్ ఇంజిన్ మెరుగైందే, నాకు అనుమానం లేదు. కానీ దానిలో తప్పు ఎక్కడుందో స్కానర్ చెబుతుంది, మెకానిక్ పార్టు మారుస్తాడు. వరంగల్ ఆటోనగర్‌లో మైకో ఇంజెక్షన్ పంపు విప్పి క్యాలిబ్రేషన్ చేసేవాళ్లు, లేత్ మీద పిన్నుకు బుష్ చేసి ఇచ్చేవాళ్లు, కమాన్ పట్టీని కాల్చి వంపు తెచ్చేవాళ్లు ఏళ్ల తరబడి ఇలాంటి బండ్ల మీదే చేయి తిరిగినవాళ్లు. ఆ బండ్లు పోతే ఆ విద్యకు ఆధారం పోతుంది. 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డాక ఈ ఊళ్లో ఎంత పనితనం కనుమరుగైందో పెద్దవాళ్లకు తెలుసు. 2024 నుంచి తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తోంది. కొత్త యంత్రాలు రానీయండి. వాటి పక్కన మెకానిక్ డీజిల్ ట్రేడు పిల్లల కోసం నడిచే స్థితిలో ఉన్న ఒక పాత 207ను కూడా నిలబెడితే, పుస్తకంలో బొమ్మగా చూసేది చేత్తో విప్పి చూస్తారు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో గట్టిది పొగ గురించి. మన దేశంలో డీజిల్ బండ్లకు మొదటి ఉద్గార పరిమితులు 1992లో వచ్చాయి, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమలవుతోంది. అప్పటి ఇంజిన్ వదిలే సన్నని మసి ఊపిరితిత్తులకు చేటు, ఇందులో వాదనకు తావు లేదు. రోజూ ఊళ్లో ఇరవై ట్రిప్పులు కొట్టే ముప్పై ఏళ్ల బండిని తుక్కుకు పంపాలనే విధానాన్ని నేను సమర్థిస్తాను. నేను అడుగుతున్నది నెలలో కొద్ది దూరం తిరిగే, కిరాయికి వెళ్లని, బాగా చూసుకునే కొన్ని బండ్ల గురించి. ఇంకో సంగతి ఉంది. పాత బండి నల్లగా కక్కే పొగలో చాలా భాగం వయసు వల్ల వచ్చేది కాదు. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, కారే ఇంజెక్టరు, లాగుడు పెరగాలని పంపు స్క్రూ తిప్పి డీజిల్ ఎక్కువ పంపడం, ఇవే దాని మూలాలు. పంపు సరిగా సెట్ చేయిస్తే పొగ కళ్లముందే తగ్గుతుంది. పొగ తగ్గించలేని బండిని రోడ్డెక్కించకూడదు, అది అభిమానులు తమకు తాము పెట్టుకోవాల్సిన మొదటి షరతు.

ఖర్చు మాటకు వస్తే, బండి కొన్న ధర కంటే టింకరింగ్ బిల్లే ఎక్కువైన సందర్భాలు కొత్త కాదు. ఎక్కువమంది రంగుతో మొదలుపెడతారు, బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి డబ్బు ఖాళీ అవుతుంది. వరస తిరగబడాలి: బ్రేకులు, స్టీరింగు, టైర్లు, వైరింగు, ఆ తర్వాత ఇంజిన్, అన్నిటికీ చివర రంగు. ఇవి ఎయిర్‌బ్యాగులూ ఏబీఎస్‌లూ లేని బండ్లు. భద్రత అంతా మెయింటెనెన్స్‌లోనూ నడిపేవాడి నిదానంలోనూ ఉంది. ఒక విషయంలో మాత్రం రాజీ కుదరదు. మిర్చి కోతల రోజుల్లో కూలీలను, ముఖ్యంగా ఆడవాళ్లను, సరుకు బండ్ల తొట్లలో కుక్కి తీసుకెళ్లడం మనం చూస్తూనే ఉన్నాం, బోల్తా పడిన వార్తలు చదువుతూనే ఉన్నాం. పాత పికప్‌ను ప్రేమించేవాళ్లు ఎవరూ దాని తొట్టిలో మనుషుల్ని, ఊరేగింపుకైనా సరే, ఎక్కించకూడదు.

ప్రభుత్వం చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. హైదరాబాద్ బస్ భవన్‌లో నిజాం కాలపు ఆల్బియన్ బస్సును ఆర్టీసీ కాపాడుకుంది. 1932లో 27 బస్సులతో మొదలైన రవాణా వ్యవస్థకు అది సాక్ష్యం. జనం ఎక్కిన బండికి ఇచ్చిన గౌరవం సరుకు ఎక్కిన బండికీ ఇవ్వాలి. వింటేజ్ నిబంధనలో మూడున్నర టన్నుల లోపు సరుకు వాహనాలను కూడా చేర్చాలి, కిరాయికి తిప్పకూడదన్న షరతు పెట్టాలి. అంతర్జాతీయ సమాఖ్య 30 ఏళ్లకే చారిత్రక వాహనంగా లెక్కిస్తున్నప్పుడు 50 ఏళ్ల గడువును కూడా మరోసారి చూడాలి. ఇప్పుడున్న పద్ధతిలో ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 15 ఏళ్లు దాటితే ఫీజు 2022 నుంచి బాగా పెరిగింది. అద్దెకు తిప్పని మనిషి కూడా వ్యాపారం చేసే లారీ యజమానిలా కట్టుకుంటూ పోవాలి. అలా కట్టలేకే చాలామంది బండిని వదిలేస్తున్నారు. వరంగల్ పాత ఏపీ 36 నంబరుతో మీ ఇంటి వెనకో, పొలం షెడ్డులోనో అలాంటి పికప్ ఒకటి నిలబడి ఉంటే తుక్కు వ్యాపారికి ఫోన్ చేసే ముందు కొంచెం ఆగండి. ఆర్సీ ఎక్కడుందో వెతికి భద్రం చేయండి, ట్యాంకు అడుగున చేరిన నీళ్లు తీయించండి, బ్యాటరీ వైరు ఊడదీసి పెట్టండి, ఆటోనగర్‌లో పంపు పని తెలిసిన పెద్దమనిషిని ఒకసారి పిలిచి చూపించండి. తుక్కు కేంద్రం డిపాజిట్ సర్టిఫికెట్ ఇచ్చేసిన బండి మళ్లీ రోడ్డెక్కదు.