ధ్రువోపాఖ్యానము - బాలోపేక్ష

ధ్రువోపాఖ్యానమును భక్తిపరముగఁ జదువుట మన వాడుక. అది తప్పు కాదు. కాని పాఠశాలలలో దీనిని బోధించునపుడు, సవతితల్లి యవమానించుట మేలే యయ్యెను, లేనిచో ధ్రువపద మెట్లు లభించును అను సమాధానము తఱచుగ వినఁబడుచున్నది. భాగవత చతుర్థస్కంధ మీ సమాధానమున కెంతమాత్రము తావీయదు.

సురుచి పరుషవాక్యము లందఱకు జ్ఞాపకమే. ఉత్తానపాదుని మౌనమును మాత్రము మనము తేలికగ దాటిపోవుదుము. సంస్కృతమూలమున నా యైదేండ్ల బాలుఁడు, చూచుచు మాటాడకున్న తండ్రిని విడిచి యేడ్చుచుఁ దల్లికడ కేగెనని యున్నది. విడుచుట యను క్రియకుఁ గర్మము తండ్రియే, తిట్టిన సురుచి గాదు. తొడనెక్కఁ గోరిన కొడుకు నాదరింపనైతినని పిదప నారదునియెదుట నాతఁడే వాపోయెను.

అంతకుముందే నారదుఁడు ధ్రువుని గలిసికొని, ఆటలయందు మునిఁగియుండు పసివానికి మానావమానము లెక్కడివని యడిగెను. పెద్దలందఱు ననుమాట యిది, నేఁటికిని ననుచున్నారు. సురుచి వాగ్బాణములచే భిన్నమైన నా హృదయమున మీ యుపదేశము నిలువకున్నదని బాలుని ప్రత్యుత్తరము. దేవర్షి యంతటితో వారించుట మాని మధువనమునకుఁ ద్రోవ చూపెను.

ఇంతకంటెఁ బ్రబలమగు ప్రమాణము వరప్రదానానంతరమునఁ గలదు. హరి ప్రత్యక్షమై యున్నతపద మొసఁగినను ధ్రువుఁడు తృప్తి లేకయే పురమునకు మరలెను. కారణమేమని విదురుఁ డడుగఁగా, సవతితల్లి మాటలు గ్రుచ్చుకొన్న మనస్సుతో వానినే తలఁచుచు ముక్తి నడుగఁడయ్యెనని మైత్రేయుఁడు చెప్పెను. అనఁగా నాఁటి గాయము భగవత్సన్నిధిని సైతము వాని కోరికను గుదించినది. అవమానమే మేలయ్యె ననువా రీ ఘట్టమును జదువలేదా?

మఱి వాఁడు చెడిపోకుండుటకుఁ గారణ మెవరు? సునీతి. పోతన తెనుఁగునఁ బూర్వజన్మకర్మము ముందునకు వచ్చినను, మూలమున నామె మొదటిమాట యితరులకుఁ గీడు తలఁపవలదనియే. భర్త తన్ను భార్యయని చెప్పుకొనుటకే సిగ్గుపడునని దాఁపఱికము లేక పలికినది. శిశువునకుఁ దల్లితోనో, తల్లివలెఁ బెంచువారితోనో యెడతెగని యాప్యాయసంబంధము మానసారోగ్యమున కావశ్యకమని 1951లో బౌల్బీ ప్రపంచారోగ్యసంస్థకు వ్రాసెను. ఆ సంబంధమే ధ్రువునకుఁ దక్కినది.

కాలాంతరమున సురుచి కొడుకగు నుత్తముఁడు యక్షునిచేఁ జావఁగా, వానికై ధ్రువుఁడే విల్లెత్తెను. ఇది సునీతి పెంపకమని నా నమ్మకము. ఒక్కని తప్పునకుఁ బెక్కండ్రు యక్షులను జంపుచుండఁగాఁ దాతయగు స్వాయంభువమనువు వచ్చి యాపవలసివచ్చెను. ఆ కోపమునుగూడ బాల్యమునకే ముడిపెట్టుట మాత్రము నాకు సాహసముగఁ దోఁచును.