మాడభూషి శ్రీధర్ న్యాయకృషిలో సమాచారం, గోప్యత: ఒక పరిశీలన

బోధన, పత్రికారచన, న్యాయనిర్ణయం – ఈ మూడింటిలోనూ పనిచేసిన తెలుగు న్యాయశాస్త్ర ఆచార్యులు అరుదు. మాడభూషి శ్రీధర్ ఆ కొద్దిమందిలో ఒకరు. వరంగల్‌లో ‘జనధర్మ’ పత్రికను నడిపిన ఎం.ఎస్. ఆచార్య కుమారుడు ఆయన. హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా పనిచేసి, 2013 నుంచి 2018 వరకు కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్నారు. కనుకనే కాబోలు, ఆయన ఉత్తర్వుల్లో పాత్రికేయ దృష్టి ప్రబలంగా కనిపిస్తుంది: సమాచారమంటే ఎవరో దాచినది, బయటికి తీయవలసినది.

2016 డిసెంబరు నాటి ఆయన ఉత్తర్వు ఇందుకు ప్రధాన నిదర్శనం. ఢిల్లీ విశ్వవిద్యాలయం తన 1978 నాటి బి.ఎ. రికార్డులను తనిఖీకి ఇవ్వాలని అందులో ఆదేశించారు. ఆ ఏడాది ప్రధానమంత్రి పట్టా పొందినట్లు చెప్పిన సంవత్సరం కావడంతో చర్చంతా రాజకీయం చుట్టూనే తిరిగింది. పరిశోధకులు పట్టించుకోవలసినది మరొకటి. ఉన్నత పదవిలో ఉన్నవారి విద్యార్హతను తెలుసుకోవడంలో ప్రజాప్రయోజనం ఉందని మాత్రమే చెప్పి ఉంటే ఉత్తర్వు దృఢంగా నిలిచేదని నా అభిప్రాయం. కాని విద్యార్థుల, పూర్వ విద్యార్థుల విద్యాసంబంధ విషయాలన్నీ బహిరంగ పరిధిలోనివేనని ఉత్తర్వు సాధారణీకరించింది. ఆ మాట ప్రకారం ప్రధాని మార్కులకూ, జహీరాబాద్‌లో డిగ్రీ చదివిన కూలివారి అమ్మాయి మార్కులకూ తేడా లేదు. అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నే అక్కడ జారిపోయింది. ఎనిమిది నెలలకే, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

అయితే దీనికి విరుగుడుగా వచ్చినది మరింత ప్రమాదకరం. సమాచార హక్కు చట్టం 8(1)(జె) నిబంధన మొదట్లో తూకం వేసేది: వివరానికి ప్రజా కార్యకలాపంతో సంబంధం ఉందా, వెల్లడి అకారణ చొరబాటు అవుతుందా, అయినా ప్రజాప్రయోజనం అధికమా అని. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 44(3) సెక్షన్ ఈ తూకాన్ని తీసివేసి, ‘వ్యక్తిగత సమాచారం’ అన్న మాటను మాత్రమే మిగిల్చింది. 8(2) కింద ప్రజాప్రయోజన మినహాయింపు ఉన్నప్పటికీ, నిరాకరణ ఇప్పుడు అధికారికి సులభమైంది. ఈ సవరణను శ్రీధర్ గట్టిగా విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనదే. కాని ఆయన సొంత ఉత్తర్వులోని అతివ్యాప్తికి ఇది తలకిందులైన ప్రతిబింబమని గుర్తించాలి. ఒకటి అన్నింటినీ తెరిచింది, మరొకటి అన్నింటినీ మూసింది.

ఉపాధి హామీ సామాజిక తనిఖీ ఈ రెంటికీ భిన్నమైన ఆచరణ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నుంచి మన పల్లెల్లో మస్టర్ రోలును సభలో చదివి వినిపించారు. పేరు, పనిదినాలు, కూలి – ఈ మూడూ నలుగురిలో వినిపిస్తేనే దొంగ హాజరు బయటపడుతుంది. అదే కూలీ బ్యాంకు ఖాతా సంఖ్యను చదవనక్కరలేదు.